తన పక్షం చెప్పుకోలేనివాడు

1966లో, నేను హైస్కూలు చదువుతున్న రోజుల్లో, మా ఎర్రుపాలెంలో ఒక పెద్దమ్మ కోర్టు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆమె కూలి మనిషి. ఆమె కొడుకు ఒక మోతుబరి గడ్డివామికి నిప్పు పెట్టాడని కేసు. ఆ కుర్రవాడు అప్పటికి ఏడాదిగా తనలో తాను మాట్లాడుకుంటూ రైలుకట్ట వెంట తిరుగుతుండేవాడు. నిప్పు అతనే పెట్టాడని కొందరూ, ఎవరో పెట్టి పిచ్చివాడి మీదికి నెట్టారని కొందరూ అనేవారు. నాకు వచ్చిన ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. ముద్దాయికి మతిస్థిమితం లేదనీ, తన పక్షం తాను చెప్పుకొనే శక్తి లేదనీ, కాబట్టి విచారణ వాయిదా వేసి అతన్ని భద్రంగా నిర్బంధంలో ఉంచాలనీ అందులో ఉంది.

“అంటే, మావాడు తప్పు చేశాడన్నారా, చెయ్యలేదన్నారా అయ్యా?” అని అడిగింది.

“రెండూ అనలేదు పెద్దమ్మా” అన్నాను.

“వాడు చెప్పుకోలేకపోతే వాడి పక్షాన నేను చెప్తాను. నా మాట వినరా?”

ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. తర్వాత చట్టం చదివాను, చాలాకాలం కోర్టుల చుట్టూ తిరిగాను. ఆ ప్రశ్నకు చట్టం దగ్గర కూడా చాలాకాలం జవాబు లేదని అప్పుడు తెలిసింది. ముద్దాయి విచారణకు తగిన స్థితిలో ఉన్నాడా లేడా అని కోర్టు తేల్చే పద్ధతి ఎక్కడ పుట్టింది, మన దేశంలోకి ఏ రూపంలో వచ్చింది, మన పేదవాళ్ళ నెత్తిన ఏమై కూర్చుంది అన్నది చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2

ముందుగా ఒక గందరగోళం తొలగించుకోవాలి. పిచ్చివాడికీ నేరానికీ సంబంధించి చట్టం రెండు వేర్వేరు ప్రశ్నలు వేస్తుంది. నేరం జరిగిన క్షణాన అతని మనసు ఎలా ఉంది అనేది మొదటిది. తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పో ఒప్పో తెలియని స్థితిలో చేసినవాడు నేరస్తుడు కాడని 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షను చెప్పింది. ఇంగ్లండులో 1843లో మెక్‌నాటన్ కేసు తర్వాత న్యాయమూర్తులు చెప్పిన సూత్రాలే దానికి మూలం. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షను.

విచారణ జరిగే ఈనాడు అతని మనసు ఎలా ఉంది అనేది రెండో ప్రశ్న. తన మీద మోపిన నేరం ఏమిటో, సాక్షి ఏం చెబుతున్నాడో అతనికి తెలుస్తున్నదా? వకీలుకు తన సంగతి చెప్పుకోగలడా? లేకపోతే విచారణ ఆపాలి. మొదటి ప్రశ్నకు జవాబు తీర్పు. ఆ తీర్పుతో మనిషి నిర్దోషి కావచ్చు. రెండో ప్రశ్నకు జవాబు తీర్పు కాదు, వాయిదా. మన పత్రికలూ సినిమాలూ ఎప్పుడూ మొదటి ప్రశ్న గురించే మాట్లాడతాయి. మనుషులు మాయమైపోయింది మాత్రం రెండో ప్రశ్నలో.

3

ఈ రెండో ప్రశ్న దయలో నుంచి పుట్టిందని న్యాయశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. సగం నిజమే. పాత ఇంగ్లండులో ముద్దాయి నోరు విప్పి ‘చేశాను’ అనో ‘చెయ్యలేదు’ అనో అంటే తప్ప విచారణ మొదలయ్యేది కాదు. నోరు విప్పనివాడు కావాలని మొండికేశాడా, లేక దేవుడే అతన్ని మూగవాణ్ణి చేశాడా అని జూరీ తేల్చేది. మొండికేసినవాడి ఛాతీ మీద బరువులు పెట్టి అదిమేవారు. ఈ పద్ధతి 1772 దాకా చట్టంలో ఉంది. అంటే ముద్దాయికి అర్థమవుతున్నదా లేదా అనే విచికిత్స, వాణ్ణి అదమవచ్చునా కూడదా అనే ప్రశ్నతో కలిసే పెరిగింది.

1800లో హాడ్‌ఫీల్డ్ అనే మాజీ సైనికుడు లండన్ నాటకశాలలో మూడో జార్జి రాజు మీద తుపాకి పేల్చాడు. మతిలేనివాడని జూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది. పాలకులు కంగారుపడ్డారు. వెంటనే ఆ ఏడాదే ఒక చట్టం చేశారు. అటువంటివాణ్ణి ‘రాజుగారి ఇష్టం తెలిసేదాకా’ నిర్బంధంలో ఉంచవచ్చు. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ చట్టం నిర్దోషిగా తేలినవాడితో ఆగలేదు. అసలు విచారణే జరగనివాణ్ణి కూడా అదే గాటన కట్టింది. రాజుగారి ఇష్టానికి గడువు లేదు.

తర్వాత 1836లో ప్రిచర్డ్ అనే చెవిటి మూగ మనిషి కేసు వచ్చింది. విచారణ క్రమాన్ని గ్రహించగల, సాక్ష్యాన్ని అనుసరించగల, సరైన జవాబు చెప్పుకోగల తెలివి అతనికి ఉందా అని న్యాయమూర్తి ఆల్డర్సన్ జూరీని అడిగాడు. ఈనాటికీ ఇంగ్లీషు న్యాయపద్ధతిని అనుసరించే దేశాల్లో ఈ కొలతే పునాది. ప్రిచర్డ్‌కు పిచ్చి లేదు. అతనికి చదవడం రాయడం వచ్చు. కోర్టు మాట్లాడే భాష అతని చెవికి అందదు, అతని భాష కోర్టుకు అందదు, అంతే. లోపం ఇద్దరి మధ్యా ఉంది. దాన్ని కోర్టు ఒక్కరి తలలో ఉన్న లోపంగా రాసుకుంది. ఇక్కడ మొదలైన పొరపాటు మన ఊరి దాకా వచ్చింది.

4

కంపెనీ ప్రభుత్వం 1849లో నేరారోపణ ఉన్న ఉన్మాదుల నిర్బంధం కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. 1858లో పిచ్చాసుపత్రుల చట్టం వచ్చింది. 1870 ప్రాంతాల్లో మద్రాసు రాజధానిలో మద్రాసు, వాల్తేరు, కాలికట్టులలో పెద్ద పిచ్చాసుపత్రులు లేచాయి. ‘క్రిమినల్ లూనటిక్’ అన్న మాట రిజిస్టర్లలోకెక్కింది. నేరం రుజువు కానివాడు కూడా అందులో ‘క్రిమినలే’. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 34వ అధ్యాయంలో, 464 నుంచి 475 దాకా సెక్షన్లలో ఈ వ్యవహారమంతా ఇమిడింది. 1973 కోడ్‌లో అది 25వ అధ్యాయం, 328 నుంచి 339 దాకా. స్వతంత్రం వచ్చిన తర్వాత కూడా దాని ఎముకలు మారలేదు.

ఇంగ్లండులో ఈ ప్రశ్నను తేల్చింది జూరీ, అంటే పన్నెండుమంది సాటి మనుషులు. ఇక్కడ మెజిస్ట్రేటు కోర్టుల్లో తేల్చినవారు ఒక మెజిస్ట్రేటు, ఒక సివిల్ సర్జను. సర్జను పరీక్షించాలి, మెజిస్ట్రేటు ఆయన్ని సాక్షిగా విచారించి రాసుకోవాలి. తెల్లదొర సర్జను గోదావరి జిల్లా మనిషి మనసును ఏ భాషలో పరీక్షించాలి? ఆ సంగతి కోడ్‌లో లేదు. తల్లినీ, పొరుగువాణ్ణీ, కలిసి పనిచేసినవాణ్ణీ పిలిచి అడగాలన్న నియమమూ లేదు.

రెండు విషయాలు మరింత ముఖ్యం. ఒకటి పూచీకత్తు. అతని వల్ల అతనికీ ఇతరులకూ హాని జరగదని, పిలిచినప్పుడు హాజరుపరుస్తామని తగినంత పూచీకత్తు ఇస్తే వదలవచ్చునని 466వ సెక్షను అన్నది. ఇవ్వలేకపోతే నిర్బంధం. అంటే భూమి ఉన్న ఇంటి పిచ్చివాడు ఇంటికి పోతాడు, భూమి లేని ఇంటి పిచ్చివాడు జైలుకో ఆసుపత్రికో పోతాడు. పిచ్చి ఒకటే. తేడా పట్టాదారు పాసుపుస్తకంలో ఉంది.

రెండోది 467వ సెక్షనులోని ఒక చిన్న మాట. వాయిదా పడిన విచారణను కోర్టు ఎప్పుడైనా తిరిగి మొదలు ‘పెట్టవచ్చు’. ‘పెట్టాలి’ అని కాదు. ఎన్ని నెలలకొకసారి చూడాలి, ఎవరు గుర్తు చెయ్యాలి, ఎన్నేళ్ళకు వదిలెయ్యాలి అన్నది లేదు. నేరానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్ళయినా ఏడు నెలలయినా ఈ వాయిదాకు హద్దు లేదు. శిక్ష వెయ్యడానికి చట్టానికి నూరు జాగ్రత్తలున్నాయి. శిక్ష వెయ్యకుండా ఉంచెయ్యడానికి ఒక్కటీ లేదు.

5

ఎర్రుపాలెం దగ్గర నిలబడి చూస్తే ఈ కథకు ఇంకో పొర కనపడుతుంది. మా ఊరు ఖమ్మం జిల్లా దక్షిణపు చివర, పాత కృష్ణా జిల్లా పొలిమేరలో, కాజీపేట బెజవాడ రైలుదారి మీద ఉంది. 1948 దాకా పొలిమేర అవతల ఇంగ్లీషువాడి కోడ్, ఇవతల నైజాం కానూన్లు. 1951 ఏప్రిల్ 1న గానీ 1898 కోడ్ హైదరాబాదు రాష్ట్రానికి వర్తించలేదు. అంతకుముందు ఇక్కడి కోర్టు భాష ఉర్దూ. తెలుగు తప్ప మరో మాట రాని రైతుకూలీ బోనులో నిలబడితే, అతని మీద మోపిన నేరం, సాక్ష్యం, తీర్పు మూడూ అతనికి పరాయిభాషలోనే. 1951 తర్వాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. కూలీకి మాత్రం ఏమీ మారలేదు.

ఇక జిల్లా ఆ చివర భద్రాచలం అడవి. 1874 నుంచి అది మద్రాసు రాజధానిలో గోదావరి ఏజెన్సీ. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. అక్కడి కోయవాడికి ఉర్దూ, ఇంగ్లీషే కాదు, దుబాసీ చెప్పే తెలుగు కూడా పరాయిదే. మరి ప్రిచర్డ్ కొలత ప్రకారం, విచారణ క్రమాన్ని గ్రహించి జవాబు చెప్పుకోగల స్థితిలో ఇతను ఉన్నాడా? చట్టం ఈ సంగతి ఎరగనిది కాదు. మతి చలించకపోయినా విచారణ అర్థం కాని ముద్దాయి విషయంలో ఏం చెయ్యాలో పాత కోడ్ 341వ సెక్షనులో, 1973 కోడ్ 318వ సెక్షనులో ఉంది. విచారణ సాగించవచ్చు, శిక్షపడితే కాగితాలు హైకోర్టుకు పంపాలి. అంటే అర్థం కాకపోవడానికి కారణం జబ్బయితే విచారణ ఆగిపోతుంది, జబ్బు కాకపోతే సాగిపోతుంది. రెండు సందర్భాల్లోనూ మనిషి మాట మాత్రం వినపడదు.

బుద్ధి నిక్షేపంగా ఉన్నవాడు కూడా తన పక్షం చెప్పుకోలేని స్థితిలో పడడం మనకు చరిత్రలో కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు నల్లగొండ రైతులకు మరణశిక్షలు వేశాయి. 1951లో జనార్దన్‌రెడ్డి కేసు పేరుతో అది సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. ముద్దాయిలకు వకీలును పెట్టుకొనే అవకాశం ఇవ్వలేదన్నది ఆ వాదనలో ప్రధానమైన అంశాల్లో ఒకటి. తన పక్షం చెప్పుకొనే శక్తి తలలో ఒక్కచోటే ఉండదు. అది భాషలో ఉంది, వకీలులో ఉంది, వకీలుకు ఇచ్చే డబ్బులో ఉంది. డాక్టరు పరీక్షించేది తలను ఒక్కదాన్నే.

6

గడువు లేని వాయిదా ఎంతదాకా పోయిందో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు.

1982లో హజారీబాగ్ ఉచిత న్యాయసహాయ కమిటీ రాసిన ఒక ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకుని సుప్రీంకోర్టు వీణా సేథీ కేసు విచారించింది. హజారీబాగ్ సెంట్రల్ జైలులో మతిలేనివాళ్ళ పేరున పదహారుమంది మగ్గుతున్నారు. కొందరు పాతికేళ్ళకు పైగా అక్కడే ఉన్నారు. జబ్బు నయమైందని డాక్టర్లు రాసిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఉంచినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. మరుసటి ఏడాది రుదుల్ సా కేసు వచ్చింది. 1968లో నిర్దోషిగా విడుదల చెయ్యమని కోర్టు చెప్పిన మనిషిని 1982 దాకా బీహారు జైలులో ఉంచారు. అడిగితే, పిచ్చివాడు కనుక ఉంచామన్నారు. ముప్ఫైఅయిదు వేల రూపాయల పరిహారం ఇమ్మన్నది కోర్టు. పద్నాలుగేళ్ళకు అది ధర!

అస్సాంలో మచాంగ్ లాలుంగ్ కథ వీటన్నిటినీ మించింది. అతను తివా ఆదివాసి. 1951లో అరెస్టు చేశారు. తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. 1967లో ఆసుపత్రి అతను బాగున్నాడని రాసింది. ఇంటికి పంపలేదు, గౌహతి జైలుకు పంపారు. విచారణ లేదు, తీర్పు లేదు. 2005లో ఒక్క రూపాయి సొంత పూచీకత్తు మీద వదిలారు. ఆ ఒక్క రూపాయి చుట్టూ యాభైనాలుగేళ్ళు తిరిగాయి. ఊరికి తిరిగివచ్చేసరికి తన తివా భాష మరిచిపోయాడని ఆనాటి పత్రికలు రాశాయి. తన పక్షం చెప్పుకోలేడని లోపల పెట్టిన మనిషి చివరికి తన మాటనే పోగొట్టుకుని బయటికి వచ్చాడు. సుప్రీంకోర్టు అతనికి మూడు లక్షల పరిహారమూ నెలకు వెయ్యి రూపాయలూ ఇమ్మన్నది. 2007లో అతను చనిపోయాడు.

ఇది మన దేశపు వెనుకబాటుతనం అని సరిపెట్టుకోవడానికి లేదు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు జాక్సన్ అనే మనిషి కేసు వచ్చింది. అతను కూడా ప్రిచర్డ్ లాగే చెవిటి మూగ. పైగా బుద్ధి ఎదగనివాడు. దొంగిలించాడన్న సొత్తు మొత్తం విలువ తొమ్మిది డాలర్లు. విచారణకు తగడని తేల్చి, తగేదాకా నిర్బంధించమన్నారు. అతను ఎన్నటికీ తగడని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. కోలుకుంటాడా లేదా తేల్చడానికి పట్టే సమంజసమైన కాలానికి మించి ఎవరినీ ఈ కారణంతో ఉంచకూడదని కోర్టు చివరకు చెప్పింది. రాజుగారి ఇష్టానికి ఒక గడువు కట్టడానికి 1800 నుంచి 1972 దాకా పట్టింది.

రచయితలం కనుక ఇంకో రెండు పేర్లు చెప్పుకోవాలి. ఫాసిస్టు ఇటలీ రేడియోలో ప్రసంగాలు చేసినందుకు అమెరికా కవి ఎజ్రా పౌండ్ మీద రాజద్రోహం మోపారు. 1946లో అతను విచారణకు తగడని తేలింది. వాషింగ్టన్ ఆసుపత్రిలో పన్నెండేళ్ళున్నాడు. ఫ్రాస్ట్, మెక్‌లీష్ వంటి కవులు పట్టుబట్టారు. 1958లో కేసు కొట్టేశారు. నేరం చేశాడా లేదా అన్నది ఏ కోర్టూ చెప్పలేదు. ఇటు సోవియట్ యూనియన్‌లో జనరల్ గ్రిగొరెంకో ప్రభుత్వాన్ని విమర్శించాడు. 1969లో అరెస్టు చేసి మతిలేనివాడన్నారు. 1974 దాకా ఆసుపత్రి గోడల మధ్య ఉంచారు. ఈ రెండో పేరు మన పత్రికల్లో సరిగ్గా చర్చకు రాలేదు. రాకపోవడం మన తప్పు. నోరున్నవాణ్ణి ‘నీకు నోరు లేదు’ అనగలిగే అధికారం ఏ జెండా కింద ఉన్నా ప్రమాదమే.

పౌండ్‌కు కవులున్నారు. లాలుంగ్‌కు ఎవరున్నారు?

7

అయితే ఈ పరీక్షను ఎత్తెయ్యమనడం సమాధానమా? కాదు. దాన్ని తీసేస్తే, ఏం జరుగుతున్నదో తెలియనివాణ్ణి బోనులో నిలబెట్టి శిక్ష వేస్తారు. అది ఇంకా ఘోరం. పరీక్ష ఉండాలి. దానికి గడువుండాలి. ముద్దాయి చెప్పుకోలేని మాట మరొకరు చెప్పే దారి ఉండాలి.

ఈ రెండూ ఆలస్యంగానైనా కొంత వచ్చాయి. ఇంగ్లండు 1991లో చట్టం మార్చింది. ముద్దాయి తగడని తేలినా, ఆ పని అతను చేశాడా లేదా అని సాక్ష్యం విని తేలుస్తారు. చెయ్యలేదంటే వదిలేస్తారు. మన దగ్గర 2008 సవరణ వచ్చింది. ముద్దాయి తన పక్షం చెప్పుకోలేడని తేలితే కోర్టు వెంటనే వాయిదా వెయ్యకూడదు. ముద్దాయిని ప్రశ్నించకుండా, రికార్డులోని సాక్ష్యం చూడాలి, అతని వకీలు మాట వినాలి. కేసు నిలబడే ఆధారం లేకపోతే అక్కడే కొట్టెయ్యాలి. సివిల్ సర్జను పరీక్షకు తోడు మానసిక వైద్యుల పరీక్ష కూడా వచ్చింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 27వ అధ్యాయం, 367 నుంచి 378 దాకా సెక్షన్లు, ఈ పద్ధతినే కొనసాగించింది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్యవిభాగంలో మానసిక చికిత్సాకేంద్రం ఉండాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం 103వ సెక్షను చెబుతున్నది.

కానీ ఆధారం కాస్త ఉంటే చాలు, మళ్ళీ వాయిదానే. విడుదల కావాలంటే చికిత్స చేయిస్తామనీ, హాని జరగకుండా చూస్తామనీ బంధువో స్నేహితుడో ముందుకు రావాలి. ‘వచ్చు’ అన్న పాత మాట ఇంకా ‘వచ్చు’గానే ఉంది. చట్టం ఇప్పుడు వకీలు మాట వింటానంటున్నది. ఆ వకీలు ముద్దాయి ఊరికి వచ్చి, అతని తల్లిని కూచోబెట్టుకుని అడుగుతాడా? అడిగితేనే ఆ సెక్షనుకు ప్రాణం.

ఈ విషయంలో సాహిత్యం చట్టం కంటే ముందుంది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథల్లో ఖైదీని నంబరుగా కాక మనిషిగా చూశాడు. వకీలు వృత్తిలో ఉండి రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో కోర్టును బోను వైపు నుంచి చూపించాడు. పిచ్చాసుపత్రి రిజిస్టరులో ఒక గీత కింద ఆగిపోయిన విచారణ ఖైదీ కథ మాత్రం మనలో ఎవరూ తగినంతగా రాయలేదు.

ఎర్రుపాలెం కుర్రవాడు 1977లో తిరిగివచ్చాడు. గడ్డివామికి నిప్పు పెట్టిన నేరానికి శిక్షాస్మృతి 435వ సెక్షను కింద గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. అతను పదకొండేళ్ళు ఉన్నాడు. జబ్బు నయమైందని రాసిన కాగితం ఏ బల్ల మీద ఆగిందో ఎవరూ చెప్పలేదు. గడ్డివామి యజమాని అప్పటికే చనిపోయాడు. సాక్షులు లేరని కేసు మూసేశారు. అతని తల్లి అంతకు రెండేళ్ళ ముందే పోయింది. ఒకసారి స్టేషను దగ్గర కనపడితే ఆ రాత్రి సంగతి అడిగాను. చాలాసేపు నా వంక చూసి, “అప్పుడు అడిగితే చెప్పేవాణ్ణి, ఇప్పుడు గుర్తు లేదు” అన్నాడు.

తప్పు చేశాడన్నారా, చెయ్యలేదన్నారా అని ఆ పెద్దమ్మ అడిగిన మొదటి ప్రశ్నకు ఈనాటికీ జవాబు లేదు. ఆమె రెండో ప్రశ్నకు మాత్రం 2008లో చట్టం సగం జవాబు చెప్పింది. మిగతా సగం చెప్పవలసింది ఆ చట్టాన్ని చేతబట్టుకుని ఊళ్ళోకి వెళ్ళే మనుషులు.